ఒక్క ఫోను, నలభై అట్టముక్కలు: కొత్త టీచర్లకు పనికొచ్చే ఆన్‌లైన్ సరంజామా

ఉద్యోగంలో చేరగానే ఇచ్చే శిక్షణలో తెర మీద వరసబెట్టి యాప్‌ల పేర్లు చూపిస్తారు. కహూట్, ప్యాడ్‌లెట్, కాన్వా, నిన్నటిదాకా క్విజిజ్ అని పిలిచి ఇప్పుడు వేగ్రౌండ్ అంటున్నది, ఇంకా బోలెడు. అందరం బుద్ధిగా నోట్సులో రాసుకుంటాం. తీరా బడికొచ్చి చూస్తే పిల్లల దగ్గర ఫోన్లుండవు, ఉండకూడదు కూడా. వైఫై హెచ్‌ఎం గారి గది గుమ్మం దాటి రాదు. ఉన్న పీరియడ్‌లో హాజరు, నోట్సుల అప్పగింతలు పోగా మిగిలేది అరగంట. ఆ అరగంటలో ఏ యాప్ పనికొస్తుంది, ఏది మన టైం తినేస్తుంది అన్నది శిక్షణలో ఎవరూ చెప్పరు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ పడిన 2025 మెగా డీఎస్సీ బ్యాచ్ నాది. మా స్టాఫ్ రూమ్‌లో పెద్దవాళ్లకి యాప్‌లంటే చిరాకు, మా వయసు వాళ్లకి యాప్‌లంటే మోజు. నా లెక్క వేరు. పిల్లల్లో ఎవరికి అర్థం కాలేదో నాకు చెప్పే యాప్ ఉంచుకుంటాను, మిగతావి తీసేస్తాను. తెర మీద బొమ్మ ఎంత బాగా కదిలినా చివరి బెంచీలో ఏం జరుగుతోందో నాకు తెలియకపోతే అది టీవీ పెట్టినట్టే.

కొత్త యాప్ ఏది కనబడినా మూడు సంగతులు చూడండి. పిల్లలకు ఖాతా, ఈమెయిల్ అడుగుతుందా? అడిగితే వద్దు. నెట్ పోతే పాఠం ఆగిపోతుందా? ఆగేట్టుంటే దానికి ప్రత్యామ్నాయం సిద్ధంగా పెట్టుకున్నాకే వాడండి. క్లాసు అయ్యాక మీ చేతికి ఏమైనా వస్తుందా, అంటే ఏ ప్రశ్నకి ఎవరు తడబడ్డారో తెలుస్తుందా? తెలియకపోతే అది కాలక్షేపం. శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి పనికొస్తుందేమో, పాఠానికి కాదు.

ముందుగా చేసుకోవాల్సిన ఏర్పాట్లు

తరగతిలో ఫోన్ తీసే ముందు హెచ్‌ఎం గారికి చెప్పండి. మన రాష్ట్రంలో తరగతి గదుల్లో ఫోన్లు వద్దని 2023లోనే ఉత్తర్వులు వచ్చాయి. ఏ రోజు, ఏ క్లాసులో, ఏ పాఠానికి, ఎందుకు అన్నది లెసన్ ప్లాన్‌లోనే ఒక వాక్యం రాసి చూపిస్తే చాలామంది హెచ్‌ఎంలు కాదనరు. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగినా చూపించడానికి కాగితం ఉంటుంది.

బడి పనికి వేరే గూగుల్ ఖాతా తెరుచుకోండి. క్లాసులో గోడకున్న ఇంటరాక్టివ్ ప్యానెల్‌కి, అంటే పెద్ద టచ్ తెరకి, ఫోన్ కలిపే ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. లేకపోతే ఓమ్ నియమం చెబుతుండగా ‘ఈరోజు కూరేం వండావే’ అన్న అమ్మ మెసేజ్ గోడంత తెర మీద ప్రత్యక్షమవుతుంది, ఆ పూటకి పాఠం అయిపోయినట్టే.

డేటా మీ ఫోన్‌దే అనుకోండి, బడి వైఫై మీద ఆశ పెట్టుకోకండి. అందుకే వీలైనవన్నీ ముందు రోజు రాత్రి ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఏ గదిలో ఏ కిటికీ దగ్గర సిగ్నల్ బాగా వస్తుందో మొదటి వారంలోనే తిరిగి చూసుకోండి.

ప్లిక్కర్స్: ఫోను మనది, జవాబులు పిల్లలవి

ఒక్కదానితోనే మొదలుపెడతానంటే నేను చెప్పేది ప్లిక్కర్స్. పిల్లల చేతుల్లో నల్లటి గళ్ల బొమ్మలున్న కాగితపు కార్డులుంటాయి. చూడ్డానికి క్యూఆర్ కోడ్ లాగే ఉంటాయి గాని ఒక్కో కార్డు బొమ్మ ఒక్కో రకం. బొమ్మకి నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని సన్నటి అక్షరాలుంటాయి. ప్రశ్న అడిగాక తాము అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మనం ఫోన్ కెమెరాతో క్లాసు మొత్తాన్ని ఒకసారి తుడిచినట్టు తిప్పితే ఎవరు ఏం పెట్టారో ఫోన్‌లో పడిపోతుంది. పిల్లలకు ఖాతా అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. అక్షరాలు సన్నవి, పైగా అందరి బొమ్మా ఒకలా ఉండదు కనుక పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. చెయ్యెత్తమంటే ఫస్ట్ ర్యాంకర్ ఎటు ఎత్తితే అటు ఎత్తే క్లాసుకి ఇది పెద్ద మార్పు.

కార్డులు ప్లిక్కర్స్ సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. నలభై కార్డుల సెట్టు డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. షాపువాళ్లు లామినేషన్ చేస్తామంటారు, వద్దనండి. మెరిసే ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడితే కెమెరాకి బొమ్మ కనబడదు. దానికి బదులు ఇంట్లో పడున్న పాత పెళ్లి శుభలేఖలు తీయండి, ప్రతి ఇంట్లోనూ ఒక సంచీడు ఉంటాయి కదా. బంగారు అచ్చు ఉన్న వైపు వెనక్కి పెట్టి, ఉత్త వైపు మైదా జిగురుతో కార్డు అంటించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. ఏడాది వస్తాయి.

సైటులో క్లాసు తెరిచేటప్పుడు పిల్లల పేర్లు ఎక్కించక్కర్లేదు. పేరు అడిగిన చోట రోల్ నంబరు కొట్టండి. ఒకటో కార్డు ఒకటో నంబరుకి, రెండో కార్డు రెండో నంబరుకి. హాజరు పట్టీ వరసే కార్డుల వరస అయితే పంచడం, తిరిగి తీసుకోవడం రెండూ లీడర్ చూసుకుంటాడు.

మొదటిసారి పాఠం మీద ప్రశ్న అడక్కండి. ‘నిన్న మ్యాచ్ చూశారా’, ‘మధ్యాహ్న భోజనంలో ఏ రోజు మెనూ ఇష్టం’ లాంటివి రెండు అడిగి కార్డు పట్టుకోవడం నేర్పండి. బొమ్మ మీదికి వేళ్లు రాకూడదు, అంచు పట్టుకోవాలి. ముఖానికి అడ్డం పెట్టుకోకుండా గుండె దగ్గర పట్టుకోవాలి. వెనక బెంచీవాళ్లు కొంచెం పైకెత్తాలి. ఫోన్‌లో ఎవరి నంబరు పడలేదో కనబడుతుంది గనక ‘పద్నాలుగు, కార్డు సరిగ్గా పట్టుకో’ అనొచ్చు. నంబరు పిలవగానే పద్నాలుగో నంబరు వాడు ఉలిక్కిపడతాడు, క్లాసంతా నవ్వుతుంది. తనని కూడా లెక్కలో వేసుకుంటున్నారని వాడికి అర్థమవుతుంది.

ఉచిత ఖాతాలో ఒక సెట్టుకి ఐదు ప్రశ్నలే పెట్టనిస్తారు. ఐదు చాలు. నిజానికి మూడే చాలు.

అసలు కష్టం ప్రశ్న రాయడంలో ఉంది. మనం చిన్నప్పటి నుంచి బిట్లు రాసి రాసి, టీచర్లమయ్యాక కూడా బిట్లే అడుగుతాం. ‘విద్యుత్ ప్రవాహానికి ప్రమాణం’ అని అడిగి నాలుగు పేర్లు ఇస్తే బట్టీ పట్టినవాడు పెడతాడు, పట్టనివాడు పెట్టడు, మనకి కొత్తగా తెలిసేదేమీ లేదు. తప్పు జవాబుల్లో ప్రతిదీ పిల్లలు నిజంగా అనుకునే మాట అయ్యుండాలి. పదో తరగతి విద్యుత్ పాఠానికి నేను వాడేది ఇది: ఒక బ్యాటరీ, ఒక బల్బు ఉన్న వలయంలో కరెంటు ఎక్కడ ఎక్కువ?

ఏ. బల్బుకి ముందు
బీ. బల్బు దాటాక
సీ. రెండు చోట్లా ఒకటే
డీ. బల్బు దాటాక అసలుండదు

సీ సరైన జవాబు. అంతకుముందే ఓమ్ నియమం మీద లెక్కలు గబగబా చేసేసినవాళ్లు కూడా ఇక్కడ ఏ పెడతారు. ఎందుకు పెట్టావంటే ‘బల్బు వెలగాలంటే కొంత కరెంటు ఖర్చవుద్ది కద టీచర్’ అంటారు. ఇంకొకరు లేచి ‘అందుకే కదా బిల్లు వస్తుంది’ అని సాక్ష్యం కూడా చెబుతారు. వాళ్ల వాదనలో తర్కం ఉంది. ఈ ఒక్క మాట బయటికి లాగడానికే ఇంత తతంగం. బిల్లులో యూనిట్ అంటే కిలోవాట్ అవర్ అనీ, అది 36 లక్షల జౌళ్ల శక్తి అనీ, మీటర్ లెక్కపెట్టేది శక్తిని అనీ, వచ్చిన కరెంటు వచ్చినట్టే రెండో తీగలో వెనక్కి పోతుందనీ చెప్పడానికి అప్పుడు సందు దొరుకుతుంది. ఆ అనుమానం వాళ్ల నోటి నుంచి రాకుండా మనం ముందే చెప్పేస్తే చెవిన పడుతుంది, లోపలికి పోదు.

స్కాన్ చేయగానే జవాబు చెప్పేయకండి. ఎంతమంది సరిగ్గా పెట్టారో ముందు ఫోన్‌లో మీరు చూసుకోండి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. సరైన జవాబు పెట్టినవాళ్లు నూటికి ముప్ఫై నుంచి డెబ్భై మధ్య ఉంటే, జవాబు చెప్పకుండా ‘నీకంటే వేరే జవాబు పెట్టినవాడిని వెతుక్కుని ఒప్పించు’ అని రెండు మూడు నిమిషాలు వదిలేసి, మళ్లీ కార్డులెత్తించాలి. ముప్ఫైకి తక్కువైతే పాఠమే మళ్లీ చెప్పాలి, డెబ్భై దాటితే చిన్నగా వివరించి ముందుకెళ్లాలి. ఆ రెండు మూడు నిమిషాలు గోల గోలగా ఉంటుంది. పక్క క్లాసు సోషల్ మాస్టారికి ముందే చెప్పి ఉంచండి.

నెట్ రాని రోజు? కార్డులు ఎలాగూ చేతిలో ఉన్నాయి. ‘ఏ పెట్టినవాళ్లు కార్డు తిప్పి నాకు చూపించండి’ అని కళ్లతో లెక్కపెట్టుకోండి. నంబర్ల వారీ రికార్డు రాదు, అంతే తేడా.

ఫెట్: కనిపించనిది చూపించడానికి

నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్‌లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, సైన్స్, లెక్కల టీచర్లకి దొరికిన పెద్ద ఆస్తి. ఉచితం, ప్రకటనలుండవు. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి, సిమ్యులేషన్ పేజీలో అనువాదాల జాబితా చూడండి. నాకు వీటిల్లో నచ్చింది ఏంటంటే ఒక్కో సిమ్యులేషన్ ఒక్క హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది, ఆ తర్వాత నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తుంది. ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. క్లాసులో ఉన్న ఇంటరాక్టివ్ ప్యానెల్ ఆ ఫైలు నేరుగా తెరవనని మొండికేస్తే ల్యాప్‌టాప్‌లో తెరిచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపండి. ఆ కేబుల్ ఎవరి బీరువాలో ఉందో ముందు రోజే కనుక్కోండి.

డీసీ సర్క్యూట్ కిట్ తెరిస్తే బ్యాటరీ, బల్బు, తీగలు లాగి అతికించుకోవచ్చు. వలయం పూర్తవగానే తీగల్లో నీలం చుక్కలుగా ఎలక్ట్రాన్లు కదులుతాయి. పై ప్రశ్నకి ఓటేశాక ఒక అబ్బాయినో అమ్మాయినో పిలిచి కట్టమనండి. మామూలుగా బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు ఉంటాయి. బల్బుకి ముందొక అమ్మీటరు, తర్వాత ఒకటి పెట్టించండి. రీడింగ్ కనబడే ముందు ఆగి, ‘ఎంత వస్తుంది’ అని అంకెలు బోర్డు మీద రాయించండి. ఇది మాత్రం వదలొద్దు. ఊహ రాయకుండా చూస్తే ‘ఓహో’ అనుకుని మర్చిపోతారు. తను రాసిన 0.5 పక్కన తెర మీద రెండు చోట్లా 0.90 కనబడితే అప్పుడు మొదలవుతుంది అసలు పాఠం.

ఇంకో బల్బు శ్రేణిలో కలిపితే రెండు చోట్లా 0.45. అదే సమాంతరంగా కలిపితే బ్యాటరీ నుంచి వచ్చేది 1.80. ‘బల్బు పెరిగితే కరెంటు తగ్గాలి కదా, ఇక్కడ పెరిగిందేంటి’ అని అడిగేవాళ్లు వస్తారు. వెంటనే జవాబు చెప్పకుండా ఆ ప్రశ్నని ఇంటికి పంపించండి. ఇక బ్యాటరీ రెండు కొసల్నీ ఉత్త తీగతో కలిపితే మంట వస్తుంది. ఈ సంగతి పిల్లలు మీకంటే ముందే కనిపెడతారు, కాబట్టి షార్ట్ సర్క్యూట్ గురించి చెప్పాల్సింది అక్కడే చెప్పేయడం మేలు.

ఒక పట్టింపు. టార్చ్ బల్బు, రెండు సెల్లులు, రాగి తీగ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. చేతితో చేసి చూపించగలిగినది ముందు చేతితోనే చేయించాలి. నిజం బల్బు వెలిగాక, తీగ లోపల ఏం జరుగుతుందో చూపించడానికి తెర. ఈ వరస తారుమారైతే పిల్లలు దాన్నీ వీడియో గేమ్ ఖాతాలో వేసేస్తారు.

లెక్కల వాళ్లకి ఇదే స్థాయిలో ఉపయోగపడేది, గ్రాఫులు, జ్యామితి బొమ్మలు గీసి కదిలించి చూపే జియోజెబ్రా. 2001 ప్రాంతంలో సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ చదువులో భాగంగా మొదలుపెట్టిన పని అది. కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. దాని సంగతులు చెప్పాల్సింది మా మ్యాథ్స్ సార్, నేను కాదు.

పుస్తకంలో ఉన్న క్యూఆర్, యూట్యూబ్

పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం మొదట్లో ఉండే క్యూఆర్ కోడ్‌ని 2017లో వచ్చిన దీక్షా యాప్‌తో స్కాన్ చేయాలి. మామూలు కెమెరాతో చేసి రావట్లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. కోడ్ అరిగిపోయి ఉంటే దాని కింద ఉన్న ఆరు అక్షరాల కోడ్ టైప్ చేసినా తెరుచుకుంటుంది. యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. అందులో ఉన్నవన్నీ ఒకే నాణ్యతలో ఉండవు, ముందు మీరు చివరిదాకా చూడండి.

యూట్యూబ్ అయితే ఆటోప్లే ఆపండి, నాలుగు నిమిషాలకి మించి చూపించకండి, మధ్యలో కనీసం ఒకసారి ఆపి ప్రశ్న అడగండి. వీడియో అయ్యాక తెర నిండా వచ్చే సూచనల గురించి మీకు చెప్పక్కర్లేదు. ముగిసే ముందే ఆపేయండి.

గూగుల్ ఫారమ్‌తో జాగ్రత్త

ఫారమ్‌తో ఇంటిపని ఇవ్వాలని అందరికీ మొదట తోస్తుంది. ఇవ్వొచ్చు, మార్కులు మాత్రం ముడిపెట్టకండి. ఇంట్లో ఉండే ఒక్క ఫోను నాన్నతో పాటు పొలానికో డ్యూటీకో పోయి రాత్రి ఎనిమిదికి వస్తుంది, దానికోసం అప్పటికే అక్కా తమ్ముడూ కాచుకుని ఉంటారు. రాయలేదని తెల్లారి నిలబెడితే వాళ్ల తప్పేమీ లేని దానికి శిక్ష వేసినట్టవుతుంది.

ఇచ్చేట్టయితే సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చండి. ఈమెయిల్ సేకరణ ఆపండి. ఒక్కసారే జవాబివ్వాలన్న ఆప్షన్ కూడా ఆపండి, అది ఉంటే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమంటుంది, సగంమంది అక్కడే ఆగిపోతారు. తప్పు జవాబుకి వ్యాఖ్య రాసే చోటుంటుంది, అక్కడ ‘తప్పు’ అని కాకుండా ఏ పేజీ చూడాలో రాయండి. జవాబులన్నీ షీట్‌లోకి వస్తాయి. ఏ ప్రశ్నకి ఎక్కువమంది తప్పారో అదే మర్నాటి ప్లిక్కర్స్ ప్రశ్న.

తెలుగు టైపింగ్ దగ్గర కొత్తవాళ్లందరికీ ఒక తలనొప్పి ఎదురవుతుంది. సీనియర్లు ఇచ్చే పాత ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టినవి. అందులోంచి కాపీ చేసి ఫారమ్‌లో పెడితే పిచ్చి గీతలొస్తాయి. ఆ పేపర్ని నిటారుగా, నీడ పడకుండా ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్లో ఆ ఫోటో మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఫోటో కిందే అక్షరాలు టైపై వస్తాయి. ఒత్తులు, సున్నాలు ఒకసారి చూసుకుంటే చాలు. ఘాతాంకాలు, భిన్నాలు మాత్రం చెడిపోతాయి, అవి చేత్తో సరిచేసుకోవాల్సిందే. కొత్తగా రాసేటప్పుడు ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే టైపింగ్ కంటే తొందరగా అవుతుంది. స్టాఫ్ రూమ్‌లో మాత్రం వద్దు. పక్కన జరిగే డీఏ బకాయిల చర్చ కూడా ప్రశ్నలో కలిసిపోతుంది.

కహూట్ పిల్లలకి సరదా, కాని పిల్లలందరి చేతుల్లో పరికరాలు కావాలి, పైగా తొందరగా నొక్కినవాడికే మార్కులెక్కువ. నిదానంగా ఆలోచించే పిల్లలు రెండో ప్రశ్నకే ఆశ వదిలేస్తారు. ప్యాడ్‌లెట్ మా బడికి అక్కర్లేదు, గోడ ఉంది, చార్టులున్నాయి. కాన్వా టీచర్లకి ఉచితంగా ఇస్తారు, సైన్స్ ఫెయిర్ పోస్టర్లకి బాగుంటుంది. పాఠం రోజు దాంతో స్లైడ్లు చేస్తూ కూర్చుంటే రాత్రి పన్నెండవుతుంది, పాఠం అంతే ఉంటుంది.

పేర్లు, ఫోటోలు, మార్కులు

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, ఎక్కడో ఉన్న సర్వర్లో మన పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు ఎందుకు? రోల్ నంబరుతో పనైపోయే చోట పేరు ఇవ్వకండి. ప్లిక్కర్స్ ఫలితాల స్క్రీన్‌షాట్ గాని, యూనిట్ టెస్ట్ మార్కుల షీటు గాని పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. తక్కువ వచ్చిన పిల్లకి ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలియదు. చెప్పాల్సినదుంటే ఆ తల్లికో తండ్రికో విడిగా ఫోన్ చేయండి, ముందు ఒక మంచి మాట చెప్పి ఆ తర్వాత అసలు సంగతి చెప్పండి.

ప్లిక్కర్స్ రిపోర్టు వారానికొకసారి తెరవండి. వరసగా తప్పుతున్న నంబర్లు నాలుగైదు కనబడతాయి. వాళ్లని పరీక్ష ముందు కాదు, ఆ వారమే మధ్యాహ్న భోజనం అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టుకుని అదే ప్రశ్న నోటితో అడగండి. కార్డులో తప్పు పెట్టినవాడు ఒక్కోసారి నోటితో సరిగ్గా చెబుతాడు, అంటే ప్రశ్న చదవడంలోనే ఇబ్బంది ఉందన్నమాట. వాడికి కావాల్సింది సైన్స్ కాదు, తెలుగు మేడం సాయం.

కార్డులు రబ్బరు బ్యాండు వేసి వరస నంబర్లలో బీరువాలో పెట్టించండి, ఇంటికి పంపకండి. అప్పుడప్పుడు ఒకటి మాయమవుతుంది. సైటులో అరవై మూడు కార్డుల సెట్టు కూడా ఉంది, అందులోంచి నలభై ఒకటి తర్వాతి నంబర్లు నాలుగైదు ప్రింట్ తీసి ఉంచుకుంటే, కార్డు పోగొట్టుకున్న పిల్లకి ఆ నంబరు ఇచ్చి యాప్‌లో మార్చుకోవచ్చు. సంవత్సరం మధ్యలో వేరే బడి నుంచి వచ్చి చేరే పిల్లలకీ అవే పనికొస్తాయి.